విద్యార్థి స్పందన

చరిత నల్లబల్ల మీద ‘x + 158 = 402’ అని రాసి వెనక్కి తిరిగేసరికి ఎనిమిదో తరగతి పిల్లలెవరూ ఆమెను చూడటం లేదు. అందరి మెడలూ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఆఖరి బెంచీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో యుగంధర్ సార్ కూర్చుని ఉన్నాడు. సూర్యాపేటలోని బీఎడ్ కాలేజీ నుంచి ఆమె పాఠం చూడటానికి పొద్దున్నే బస్సెక్కి కోదాడ వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో ఈ ఊరి హైస్కూలుకు చేరాడు. ఆయన ఒళ్లో చరిత రాసిన పాఠ్యపథకం ఉంది.

పథకంలో ప్రతి పేజీకీ మూడు గడులు. ఎడమ పక్క ఉపాధ్యాయురాలు ఏం చేస్తుందో, నడుమ బల్ల మీద ఏం రాస్తుందో, కుడి పక్క ‘విద్యార్థి స్పందన’. ఈ లెక్కకు ఎదురుగా కుడి గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో, “విద్యార్థులు 158ని పక్షాంతరం చేసి, x విలువ 244 అని చెబుతారు” అని రాసుకుంది.

విద్యార్థులు ఏమీ చెప్పడం లేదు.

“ఎవరు చెప్తరు? నూట యాభై ఎనిమిది అటు పక్కకు పోతే ఏమైతది?”

ముందు బెంచీలో కార్తీక్ పెదాలు కదిలించాడు గానీ చెయ్యెత్తలేదు. చరిత అరచేతిలో చాక్‌పీసు చెమటకు మెత్తబడుతోంది. కాలేజీలో పాఠాల్లో చెప్పిన మాట గుర్తొచ్చింది, వెనక వాళ్లను కూడా అడగాలి, పరిశీలకుడు అది చూస్తాడు.

“రంగీ, నువ్ రా.”

రంగి తండా నుంచి వచ్చే పిల్ల. పద్నాలుగేళ్లు ఉంటాయి. ఎప్పుడూ గోడవారగా కూర్చుంటుంది, పిలిస్తే తప్ప మాట్లాడదు. లేచి, ఓణీ కొంగు నడుములో దోపుకుని, బల్ల దగ్గరికి వచ్చింది. 402 రాసింది. దాని కింద 158 రాసింది. గీత గీసి, ఏమాత్రం తడుముకోకుండా 356 అని రాసి పక్కకు జరిగి నిలబడింది.

ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. వెనక కుర్చీలో పెన్ను కదిలిన చప్పుడు చరితకు వినిపించింది. చేత్తోనే, డస్టర్ కూడా తీసుకోకుండా, ఆ 356ని తుడిచేసి 244 అని తనే రాసింది.

“గిట్ల రావాలె. అర్థమైందా?”

“అయ్యింది టీచర్!” తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంది.

రంగి ఇంకా బల్ల పక్కనే నిలబడి ఉంది. తన అంకెలు ఉన్న చోటును కాసేపు చూసి, తన బెంచీకి వెళ్లి కూర్చుంది.

గంట కొట్టాక స్టాఫ్‌రూములో యుగంధర్ సార్ పథకం బల్ల మీద పెట్టి, ఒక పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత గీశాడు.

“ఏమ్మా, ప్లాన్ల ఏం రాసినవ్, క్లాసుల ఏం జరిగింది? రెంటికీ ఏమన్న పొంతన ఉందా?”

“లేదు సార్.”

“ఇది రెండోసారి. బుధవారం మళ్ల వస్త. అది గూడ గిట్లనే ఉంటే నిన్ను ఫైనల్ లెసన్‌కు పంపను. వచ్చే ఏడు మళ్ల మొదట్నుంచి చేసుకోవాలె. నాకేం కోపం లేదు నీ మీద. పిల్లలు జవాబు చెప్పకుంటే పాఠం కానట్టే లెక్క.”

ఆయన వెళ్లిపోయాక కూడా చరిత ఆ ఎర్రగీతనే చూస్తూ కూర్చుంది. ఎదురు బల్ల దగ్గర సత్యనారాయణ సార్ జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. ఎనిమిదో తరగతి లెక్కలు అసలు ఆయనవే. చరితలాంటి ఛాత్రోపాధ్యాయులు వచ్చిన ప్రతి ఏడూ ఆయన తన పీరియడ్లు వాళ్లకు వదిలేసి, మిగిలిపోయిన పనులన్నీ చేసుకుంటాడు.

“సూడు బిడ్డా,” అన్నాడు తల ఎత్తకుండానే. “ప్రతి ఏడు ఉండే తతంగమే ఇది. గా వెనక ఆరుగురు ఉన్నరు గద, సార్ వచ్చిన టైముకు వాళ్లను చెట్లకు నీళ్లు పొయ్యమని పంపు. ముందోళ్లకు రెండు లెక్కలు ఒకరోజు ముందే చేపించు. ఎవరన్న గిట్లనే చేస్తరు.”

“వాళ్లకేం అనిపించదా సార్?”

“వాళ్లకా? వాళ్లకు నీళ్లు పోసుడే ఇష్టం.”

నడిగూడెంలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి అమ్మ బుచ్చమ్మ మిరప చేను నుంచి అప్పుడే వచ్చింది. కాయలు కోసిన చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ గడప మీద కూర్చుంది.

“ఏమన్నడే మీ సారు?”

“బాగనే ఉందన్నడు.”

“నాకు తెల్వదా. నా బిడ్డ టీచరైతదని చేన్ల అందరికీ చెప్పిన.”

చరిత లోపలికి వెళ్లి ముఖం మీద నీళ్లు చల్లుకుంది. మళ్లీ మళ్లీ చల్లుకుంది.

*

బుధవారం రెండో పీరియడ్ అవుతుండగా ఆమె వెనక బెంచీల దగ్గరికి వెళ్లింది. గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ, “మీరు ఆరుగురు పోయి చెట్లకు నీళ్లు పొయ్యున్రి. గంట కొట్టినంక రాండ్రి,” అంది.

మగపిల్లలు సంతోషంగానే ఉరికారు. రంగి అందరికంటే వెనక లేచింది. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, పేజీ మడత పెట్టి మూసింది. తలుపు దగ్గర ఒకసారి ఆగి వెళ్లింది.

ఆరోజు పాఠం నీళ్లలా సాగిపోయింది. ముందురోజు చేయించిన లెక్కలే కాబట్టి చరిత అడగటమే ఆలస్యం, కార్తీక్ చెప్పాడు, వాడి పక్కవాడు చెప్పాడు, ఆ తర్వాత బెంచీలో అమ్మాయి చెప్పింది. కుడి గడిలో ఏం రాసి ఉందో అదే మాట తరగతిలో వినపడింది. ఒక్క క్షణం చరితకు గాల్లో తేలినట్టు అనిపించింది. అప్పుడే కిటికీ వైపు చూసింది. బయట కరివేపాకు మొక్క దగ్గర రంగి బకెట్ పట్టుకుని నిలబడి, ఊచల్లోంచి బల్ల మీది లెక్కను చూస్తోంది. బకెట్‌లోని నీళ్లు ఒలికి పాదాల మీద పడుతున్నా చూసుకోవడం లేదు. పెదాలు కదులుతున్నాయి.

చరిత చూపు తిప్పుకుని తర్వాతి లెక్క రాసింది.

“ఇదీ ప్లానంటే,” అన్నాడు యుగంధర్ సార్. పేజీ అడుగున ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టాడు. “వచ్చే మంగళారం ఫైనల్ లెసన్‌కు ఎక్స్‌టర్నల్ మేడమ్ వస్తది. ఇదే ప్లాను, ఇదే లెక్కలు. ఒక్క అక్షరం మార్చకు.”

మధ్యాహ్నం అన్నం గంటప్పుడు చెయ్యి కడుక్కుంటున్న చరిత పక్కకు రంగి వచ్చి నిలబడింది.

“టీచర్, రేపు గూడ బయటనేనా?”

చరిత కుళాయి కట్టేసింది. “చూద్దాం పో,” అంది.

మర్నాడు రంగి బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. శనివారం తండా పిల్ల ఒకతె చెప్పింది, రంగి వాళ్ల నాయనతో మిర్యాలగూడ పోయిందని. రైసు మిల్లులో పని చేస్తున్నాడట. మిల్లులు జోరు మీదున్నాయి, అమ్మ కూడా అక్కడే పనిలోకి దిగింది, చిన్న తమ్ముణ్ని చూసుకోడానికి రంగి కావాలట.

“మళ్ల ఎప్పుడొస్తది?”

“రాదు టీచర్. బడికి పోయి బకెట్లు మోసుడెందుకు అన్నడంట వాళ్ల నాయన.”

చరిత స్టాఫ్‌రూములోకి వెళ్లి కూర్చుంది. పథకం తెరిచింది. ‘చాలా బాగుంది’ అన్న అక్షరాల మీద వేలు పెట్టి ఉంచింది. అటు పక్క బల్ల దగ్గర సత్యనారాయణ సార్ హాజరుపట్టీలో రంగి పేరు ఎదురుగా గైర్హాజరు గుర్తు పెట్టి, కింది పేరుకు వెళ్లాడు.

*

ఆదివారం అమ్మతో కాలేజీ పని ఉందని అబద్ధం చెప్పి, కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కింది. దారి పొడుగునా ధాన్యం ట్రాక్టర్లు. పోయి ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. చెప్పే మాటలు మనసులో అమర్చుకోబోయింది గానీ ఒకటీ నిలవలేదు. పట్నం పొలిమేరలో మిల్లుల గొట్టాల పొగ, ఉడికిన వడ్ల వాసన. తండా పిల్ల చెప్పిన గుర్తులు పట్టుకుని అడుగుతూ, రెండు మూడు మిల్లుల గేట్ల దగ్గర కాదనిపించుకుని, చివరికి ఒక మిల్లు వెనక వరసగా కట్టిన రేకుల గదుల ముందు ఆగింది.

రంగి పొయ్యిలోకి ఊక పోస్తోంది. పక్కనే చీరె ఉయ్యాలలో తమ్ముడు. టీచర్‌ను చూసి లేచి నిలబడి, చేతులు లంగాకు తుడుచుకుంది.

“ఎందుకొచ్చిన్రు టీచర్?”

“నీకోసమే వచ్చిన.”

“నేను లేకుంటెనే మంచిగైంది గద. మొన్న సార్ మెచ్చుకున్నడంట.”

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. చరిత పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంది. నేల మీద ఊకబూడిద పరుచుకుని ఉంది. ఏం చేస్తోందో ఆలోచించకుండానే ఒక పుల్ల తీసుకుని బూడిదలో 402 అని, దాని కింద 158 అని రాసింది.

“ఆరోజు చేసినవ్ గద. ఎట్ల చేసినవో జర చెప్తవా?”

రంగి ముఖం ముడుచుకుంది. “తప్పు గద టీచర్ అది. మళ్లెందుకు?”

“తప్పో ఒప్పో తర్వాత. ఎట్ల చేసినవో నాకు తెల్వాలె.”

రంగి ఉయ్యాలను ఒక ఊపు ఊపి వచ్చి ఎదురుగా కూర్చుంది. “రెండులకెల్లి ఎనిమిది పోతదా? పోదు. అందుకని ఎనిమిదిలకెల్లి రెండు తీసిన, ఆరు. సున్నలకెల్లి ఐదు పోదు. ఐదులకెల్లి సున్న తీసిన, ఐదు. నాలుగులకెల్లి ఒకటి తీస్తే మూడు.” పుల్ల అందుకుని 356 రాసింది. “పెద్దదాంట్లకెల్లే చిన్నది తియ్యాలె, తండ బళ్లె సార్ చెప్పిండు. నేను మర్వలే టీచర్. ఎప్పుడు గట్లనే చేస్త. ఎప్పుడు తప్పే అంటరు.”

“ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదా?”

“తుడుస్తరు,” అంది రంగి.

చరిత తన కుడి చేతిని చూసుకుంది. ఆరోజు చేత్తోనే తుడిచింది. రాసినంతసేపు కూడా నిలవనివ్వలేదు. ఐదారేళ్లుగా ఈ పిల్ల తనకు చెప్పిన నియమాన్ని పట్టుకుని, నిజాయితీగా, ఒక్కసారీ తప్పకుండా పాటిస్తోంది. జవాబు తప్పని అందరూ చెప్పారు. నియమం ఎక్కడ ఆగిపోతుందో ఎవరూ చెప్పలేదు.

రంగి నాయన సోమ్లా వచ్చాడు. కనుబొమల మీద, మీసం మీద తవుడు దుమ్ము. భుజం మీద మడతపెట్టిన గోనెపట్టా. వచ్చింది బిడ్డ బడి టీచరని తెలిసి కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు.

“రంగిని బడికి పంపున్రి,” అంది చరిత లేచి.

“బయట నిలబెట్టేదానికి బడెందుకు మేడమ్? నిలబడేదేదో నా దగ్గర్నే నిలబడ్తది.”

“నిలబెట్టింది నేనే.”

సోమ్లా ఆమె వైపు అప్పుడు సరిగ్గా చూశాడు.

“నా పాఠం మంచిగ కనబడాలని పంపిన. తప్పే చేసిన. మంగళారం మళ్ల పాఠం ఉంది. అది రంగికి అర్థమయ్యేటట్టు రాస్త. ఆ ఒక్కరోజన్న పంపున్రి.”

“మిల్లు నడుస్తుంది. పిలగాన్ని ఎవరు సూడాలె, బువ్వ ఎవరు వండాలె?” ఆయన గోనెపట్టా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. “మీకేంది మేడమ్, పాఠం అయిపోతది, పోతరు.”

నిజమే, మంగళవారంతో చరితకు ఆ బడితో పని అయిపోతుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో తెల్లకాగితం పెట్టుకుంది. మూడు గడులు గీసింది. అలవాటు కొద్దీ పెన్ను ఎడమ గడి మీదికి పోయింది. ఆపింది. ముందు కుడి గడిలో రాసింది: “రంగి 356 అంటుంది. ఎందుకంటే పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని ఆమెకు చెప్పారు.” ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. మిగతా ఐదుగురు ఏమంటారు? నెలరోజులుగా వాళ్ల ముందు నిలబడుతోంది. వాళ్లు ఏమంటారో ఆమెకు తెలియదు.

*

సోమవారం అన్నం గంటప్పుడు ఆ ఐదుగురినీ వరండాలో కూర్చోబెట్టి అదే తీసివేత ఇచ్చింది. తప్పొప్పులు అననని ముందే చెప్పింది. జగన్ అనే పిల్లాడు సున్నా అంటే ఏమీ లేదు కాబట్టి దాని కింది ఐదును అలాగే దించేశాడు. ఒక పిల్ల వేళ్ల మీద వెనక్కి లెక్కపెడుతూ పోయి, నడుమ తప్పిపోయి, కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒకడు కాగితం ఖాళీగా ఇచ్చాడు. “ఏది రాసినా కొట్టేస్తరు గద టీచర్, అందుకే రాయలే,” అన్నాడు. చరిత ఇవన్నీ కుడి గడిలో రాసుకుంది. ఒక్కో దానికి ఎదురుగా, ఎడమ గడిలో, తను ఏం చెయ్యాలో రాయడానికి గింజుకుంది. రాసింది కొట్టేసింది. మళ్లీ రాసింది.

సాయంత్రం నాలుగింటికి సూర్యాపేట కాలేజీలో యుగంధర్ సార్ ముందు ఆ కాగితాలు పెట్టింది. ఆయన మొదటి పేజీ చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

“విద్యార్థి స్పందనల తప్పు జవాబులు రాసినవేంది?”

“వాళ్లు చెప్పేది అదే సార్.”

“ఎనిమిదో తరగతికి తీసివేతలు చెప్తవా? ఇది మూడో తరగతి పాఠమమ్మా.”

“వాళ్లు ఆగిపోయింది మూడో తరగతిల్నే సార్.”

ఆయన కోపగించుకోలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. “సూడు చరితా. నీ మంచికే చెప్తున్న. ఎక్స్‌టర్నల్ ముందట ఒక కాగితం ఉంటది. సమీకరణం చెప్పిందా, మూల్యాంకనం చేసిందా, టైముకు ముగించిందా, గంతే. దీని మీద నేను సంతకం పెట్టను. బుధవారం చెప్పిన ప్లాను మీద నా సంతకం ఉంది. అది చెప్పు, పాసయితవ్. డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకో. అప్పుడు నీ క్లాసుల నీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకో.”

బయట మెట్ల మీద స్నేహితురాలు ప్రత్యూష ఎదురుచూస్తోంది. విషయం విని తల పట్టుకుంది. “పిచ్చా నీకు? ఆ పిల్ల వస్తదో రాదో గూడ తెల్వదు. ఒక్క పీరియడే. కళ్లు మూసుకుని చెప్పెయ్యి.”

ఆ రాత్రి ఇంట్లో చరిత రెండు చీపుర్లు విప్పి పుల్లల్ని చిన్న ముక్కలుగా విరుస్తుంటే బుచ్చమ్మ నివ్వెరపోయి చూసింది. తర్వాత ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చుని, మండే వేళ్లతోనే, పది ముక్కలకొక దారం చుట్టడం మొదలుపెట్టింది. పది చిన్న కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. అట్లాంటివి నాలుగు.

“ఇది చూపిస్తే పాసు చేస్తరా?” అంది చాలాసేపటికి.

“తెల్వదమ్మా.”

“మరెందుకే?”

చరిత దారం పంటితో కొరికి ముడి వేసింది.

*

మంగళవారం ప్రార్థన వరసల్లో రంగి లేదు. చరిత గేటు వైపు చూస్తూనే ఉంది. మూడో పీరియడ్ గంట కొట్టేదాకా చూసింది. ఎక్స్‌టర్నల్ వసంత మేడమ్ వచ్చింది. నెరిసిన జుట్టు, భుజాన నూలు సంచి, అలసిన నవ్వు. ఆమె వెనక యుగంధర్ సార్. తలుపు దగ్గర సత్యనారాయణ సార్ వెనక బెంచీల వాళ్లను అప్పటికే లేపి, “బకెట్లు తీసుకోన్రి,” అంటున్నాడు.

“వద్దు సార్,” అంది చరిత. “కూసోనియ్యున్రి.”

“నీ ఇష్టం బిడ్డా. నాదేం పోయింది.”

ఐదుగురూ మళ్లీ కూర్చున్నారు. చరిత సంచిలో రెండు పథకాలు ఉన్నాయి. పైన ఉన్నది సంతకం ఉన్నది. ఎవరికోసం రాసిందో ఆ పిల్లే లేనప్పుడు రెండోది తీయడంలో అర్థమేముంది? పైదాన్ని సగం బయటికి లాగింది. కార్తీక్ అప్పటికే జవాబు నాలుక చివర పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. వెనక ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లాడు తల బెంచీకి ఆనించి ఉన్నాడు.

ఆమె దాన్ని లోపలికి నెట్టి, కింది కాగితాలు తీసి వసంత మేడమ్ చేతిలో పెట్టింది. యుగంధర్ సార్ నుదురు రుద్దుకోవడం కనిపించింది.

బల్ల మీద 402లోంచి 158 తీసివేత రాసి, కింద రెండు జవాబులు రాసింది, 356, 244.

“అందరూ కళ్లు మూసుకోన్రి. ఎవరూ ఎవర్నీ సూడొద్దు. మీ అంతట మీరు చేస్తే ఏదొస్తదో దానికి చెయ్యెత్తున్రి. తప్పైనా ఎవరూ ఏమనరు. మూడు వందల యాభై ఆరు?”

ఐదు చేతుల కోసం ఆమె వెనక బెంచీల వైపు చూసింది. అక్కడ లేచినవి మూడే. కానీ నడుమ బెంచీల్లో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. కిటికీ పక్క వరస మొత్తం. మొన్న పాఠంలో టకటకా జవాబులు చెప్పిన అమ్మాయి మెల్లగా, మోచేతి దాకా మాత్రమే ఎత్తింది. ఆ తర్వాత, కళ్లు గట్టిగా మూసుకుని, పెదవి కొరుకుతూ, కార్తీక్.

తరగతిలో సగానికి సగం చేతులు గాల్లో ఉన్నాయి.

చరిత ఆ చేతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆమె కుడి గడిలో ఇది లేదు. వసంత మేడమ్ పెన్ను ఆపి, చేతుల మీదుగా చూపు నడిపింది. వరండాలో సత్యనారాయణ సార్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయాడు. ఏళ్లుగా ఆయన చెప్పిన ప్రతి పాఠానికీ ‘అయ్యింది సార్’ అన్న పిల్లలు వాళ్లు.

“దించున్రి,” అంది చరిత. “ఇప్పుడు ముందుకు రాండ్రి. అందరూ. కింద కూసోన్రి.”

పుల్లల కట్టలు నేల మీద పెట్టింది. నాలుగు పెద్ద కట్టలు, విడిగా రెండు పుల్లలు. “దీంట్లకెల్లి ఎనిమిది పుల్లలు తియ్యాలె. ఎవరు తీస్తరు?”

జగన్ వచ్చి రెండు పుల్లలు పట్టుకుని బిత్తర చూపులు చూశాడు. “లేవు టీచర్.”

“ఇన్ని పుల్లలు ఉంటే లేవంటవేంది?”

“కట్టలల్ల ఉన్నయి.”

“మరి?”

వాడు పెద్ద కట్ట వైపు చూశాడు. విప్పవచ్చా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె చెప్పలేదు. ఖాళీ కాగితం పిల్లాడు వెనక నుంచి చెయ్యి చాపి దారం లాగేశాడు. పది చిన్న కట్టలు నేల మీద దొర్లాయి. ఎవరో ఒక చిన్న కట్ట విప్పారు. పుల్లలు చెల్లాచెదురయ్యాయి. “పన్నెండు! ఇప్పుడు పన్నెండున్నయి!” అని అరిచింది వేళ్ల మీద లెక్కపెట్టే పిల్ల. కార్తీక్ మోకాళ్ల మీద ముందుకు జరిగి, మిగిలిన చిన్న కట్టలు తనే లెక్కపెట్టి, “అందుకా సార్ సున్న మీద తొమ్మిది రాసేది!” అని తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు.

తరగతి గోల గోల అయింది. పక్క గదిలోంచి టీచర్ తొంగి చూసి వెళ్లింది. వాళ్లు 244 దాకా వచ్చి, దాన్ని మళ్లీ కట్టలు కట్టి, ఇంకో తీసివేత తామే పెట్టుకుని విప్పడం మొదలుపెట్టేసరికి గంట కొట్టింది. సమీకరణం బల్ల మీదికి రానే లేదు.

*

స్టాఫ్‌రూములో వసంత మేడమ్ చాలాసేపు కాగితం మీదికి వంగి ఉంది.

“పదిహేనేళ్లుగా ఫైనల్ లెసన్లు చూస్తున్నానమ్మా,” అంది చివరికి. “నా ముందు పిల్లలు తప్పు జవాబుకు చెయ్యెత్తడం ఇయ్యాలే చూసిన. నువ్వు చేసింది తప్పనే ధైర్యం నాకు లేదు.” పెన్ను మూత పెట్టింది. “కానీ ప్లాను మీద సంతకం లేదు. పాఠ్యాంశం మొదలు కాలేదు. మూల్యాంకనం లేదు. నా కాగితంల గడులన్నీ ఖాళీగున్నయి. ఇందులో మార్కులు ఎక్కడ వెయ్యను చెప్పు?”

చరిత తలూపింది. వసంత మేడమ్ సంచి సర్దుకుని లేచింది. యుగంధర్ సార్ ఆమె వెంట వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. “చెప్పిన గద,” అన్నాడు. తిట్టినట్టు కాదు, బాధపడినట్టే అన్నాడు.

వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి. ఈ ఏడు డీఎస్సీ పడితే రాసే వీలు లేదు. అమ్మ పొద్దున తల దువ్వుతూ వేసిన జడ ఇంకా బిగుతుగానే ఉంది. చరిత తన వస్తువులు సంచిలో పెట్టుకోసాగింది.

సత్యనారాయణ సార్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బల్ల మీది చాక్‌పీసు డబ్బా అందుకుని తిప్పాడు.

“కార్తీక్‌గాడు గూడ చెయ్యెత్తిండు,” అన్నాడు. “వాడు నా దగ్గర తొంభైల మార్కులు తెచ్చుకునేటోడు.”

చరిత సంచి సర్దడం ఆపింది.

“రేపు మూడో పీరియడ్ నాదే. ఈడికెల్లి ఎట్ల పోవాల్నో నాకు సమజైతలేదు. నీ పని ఇయ్యాలటితో ఖతమని ఎరికే.” ఆయన డబ్బా మూత పెట్టాడు. “వస్తవేమోనని అడుగుతున్న.”

“ఫెయిలైన సార్ నేను.”

“ఇనబడలే,” అన్నాడాయన. విననట్టు కాదు, వినదలచుకోనట్టు. లేచి వెళ్లిపోయాడు.

కోదాడ బస్టాండులో సాయంత్రపు రద్దీ. నడిగూడెం బస్సు ప్లాట్‌ఫారం మీదికి ఇంకా రాలేదు. చరిత స్తంభానికి ఆనుకుని నిలబడి, అమ్మకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో వెతుక్కుంటోంది. మిర్యాలగూడ నుంచి బస్సు వచ్చి ఆగింది. దిగే జనంలో ముందు సోమ్లా, వెనక రంగి. రంగి బడి బట్టలు వేసుకుని ఉంది.

“టీచర్!”

సోమ్లా దగ్గరికి వచ్చాడు. తవుడు దుమ్ము కడుక్కున్నాడు, చెంపలు నున్నగా ఉన్నాయి. “పొద్దున్నే తెద్దామనుకున్న మేడమ్. లారీలొచ్చినయి, మేస్త్రీ ఇడ్సలే. అయిపోయిందా మీ పాఠం?”

“అయిపోయింది.”

“పాసైన్రా టీచర్?” అంది రంగి.

“లేదు.”

రంగి తలదించుకుంది. “నేను రాలేదనా?”

“కాదు. నీవల్ల కాదు.” ఆ పిల్ల నమ్మలేదని చూస్తేనే తెలుస్తోంది. చరిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “నువ్ చేసే తీసివేతనే సగం క్లాసు చేస్తది. కార్తీక్ గూడ.”

రంగి తల ఎత్తింది. “కార్తీకా?” ఎన్నడూ లేనిది, ఆ ముఖంలో నవ్వులాంటిది కదిలింది.

అవతల మిర్యాలగూడ వెళ్లే బస్సు కండక్టర్ కేకేస్తున్నాడు. సోమ్లా అటు చూశాడు. రాత్రి పనికి అందుకోవాలి.

“పిలగాన్ని వాళ్లమ్మ నడుముకు కట్టుకుంటనంటుంది. తండల మా అమ్మ ఉంది, దీన్ని సూసుకుంటది.” బట్టల మూటను చంక మార్చుకున్నాడు. “మరి మీరు బడికి రారా ఇగ?”

నడిగూడెం బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గరికి తోసుకుపోతున్నారు. చరిత దాని వైపు చూసింది. ఇంట్లో అమ్మ గడప మీద కూర్చుని ఉంటుంది.

“వస్త,” అంది. “రేపు మూడో పీరియడ్‌కు.”

సోమ్లా ఇంకేం అడగలేదు. చంకలోని బట్టల మూట తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. “తండ ఆటో ఎక్కియ్యున్రి మేడమ్, నా బస్సు పోతది,” అని, కదులుతున్న బస్సు వెంట ఉరికి, కమ్మీ పట్టుకుని ఎక్కాడు.

మూట బరువుగా ఉంది. చరిత దాన్ని చంకకు సర్దుకుని, రంగి చెయ్యి పట్టుకుని, ఆటోలు ఆగే వైపు నడిచింది. వెనక నడిగూడెం బస్సు హారన్ కొట్టి కదిలింది. ఆమె ఆగలేదు.